వైరు పెట్టని మానిటర్

తుమ్మపాల,
8 జూలై 2024

లోకనాథం మావయ్యకి,

సూర్యకళ నమస్కారాలు. మీ కొండమీద ఫోన్ ఇంకా పలకడం లేదు. మీ మేనల్లుడు బాబ్జి వారం రోజులు ప్రయత్నించి, "మా మావయ్య సిగ్నల్ లేని సోటు ఏరుకుని మరీ ఎల్లేడు, ఉత్తరం రాసుకో" అన్నారు. పెళ్లయ్యాక నేను చేత్తో రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. కొట్టివేతలు చూసి నవ్వకండి.

మీతో పని పడింది. నేను చేసేది ఇన్సూరెన్సు క్లెయిముల పని కదా, ఆసుపత్రి కాగితం ఒక పక్క, మా ఫారం ఒక పక్క పెట్టుకుని సరిచూడడం. ఇంటినుంచి చేసేవాళ్లకి కంపెనీ కొత్త రూలు పెట్టింది. రెండు మానిటర్లు ఉండాలట. గదిలో పనిచేసే మనిషి తప్ప ఇంకో మనిషి ఉండకూడదట, రోగుల వివరాలు బయటకి పోతాయని. బల్లా, గదీ ఫొటో తీసి ఆగస్టు నెలాఖరులోగా పంపాలి. వాళ్లు సరేననకపోతే హైదరాబాదు ఆఫీసుకి రమ్మంటారు. హాసిని ఇప్పుడే యూకేజీలో చేరింది. బాబ్జి బెల్లం మార్కెట్లో కాటా వదిలి రాలేరు. ఈ ఉద్యోగం ఇంట్లోనే నిలబడాలి మావయ్యా, లేకపోతే నేనొక ఊళ్లో, వీళ్లొక ఊళ్లో.

గది అత్తమ్మ గదే. సిద్ధాంతిగారు ఆవిడ పోయిన నక్షత్రం చూసి మూడు నెలలు మూసి ఉంచమన్నారు, ఉంచాం. జూన్‌లో తలుపు తీశాం. మంచం ఎప్పుడో ఇచ్చేశాం. నా బల్ల మాత్రం మీరు వేసిన చోటే ఉంది, గోడకి ఎదురుగా.

మీ కంప్యూటర్ల షాపు మూసేటప్పుడు ఇచ్చిన ఆ మానిటర్ గురించి ఒక్క మాట. అది మానిటరా, నిలువుటద్దమా? తెర నల్లబడితే గది మొత్తం అందులోనే ఉంటుంది. హాసిని బడికెళ్తూ రోజూ దానికి టాటా చెప్తుంది, తన మొహం చూసుకుని కాబోలు. ఈసారి అలాంటిది వద్దు. ఏది కొనాలో, ఎంత సైజో, మీరే చెప్పండి.

మీ కోడలు,
సూర్యకళ


ఆశ్రమ పాఠశాల,
17 జూలై 2024

అమ్మా సూర్యకళా,

నీ ఉత్తరం బాలన్న తెచ్చి ఇచ్చాడు. బాలన్న మా ఊరి పోస్టు మనిషి, వారానికి రెండుసార్లు కొండ దిగుతాడు, దిగినప్పుడల్లా మీ కిందివాళ్ల గురించి ఏదో ఒకటి తిడుతూ ఎక్కుతాడు. ఇక్కడ పదకొండు కంప్యూటర్లకి నేను కాపలా. కరెంటు ఉంటే వైరు ఉండదు, వైరు దొరికిన రోజున కరెంటు ఉండదు. పిల్లలు మాత్రం మౌసు పట్టుకోవడానికి చేతులు కడుక్కుని వస్తారు. అది చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

మానిటర్ అడిగావు కాబట్టి చెప్తాను, విను. ఇరవైనాలుగు అంగుళాలు చాలు. అంతకంటే పెద్దది కొంటే మెడ తిప్పలేక చస్తావు. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ తీసుకో. ఒకటి పసుపుగా, ఒకటి నీలంగా ఉంటే సాయంత్రానికి తలనొప్పి ఖాయం. పక్కనుంచి చూసినా రంగు మారని ప్యానెల్ అడుగు, ఐపీఎస్ అంటారు. తెర మ్యాట్ ఉండాలి, అంటే మెరవకూడదు. షాపులో ఆన్ చేసి చూపిస్తే అన్నీ బాగానే కనబడతాయి. నువ్వు ఆఫ్ చేయించి చూడు. నల్ల తెరలో నీ మొహం స్పష్టంగా కనబడితే అక్కడే వదిలేసి వచ్చేయ్. తెర పైఅంచు నీ కళ్ల ఎత్తున ఉండాలి, చెయ్యి చాపినంత దూరంలో ఉండాలి. కిటికీ పక్కకి ఉండాలిగానీ ఎదురుగానో వెనకగానో కాదు. మెయిన్ రోడ్డులో ధనరాజ్ షాపుకెళ్లి నా పేరు చెప్పు. వాడు నా దగ్గరే స్క్రూడ్రైవరు పట్టడం నేర్చుకున్నాడు.

ఆ పాత మానిటర్ సంగతా. షాపు మూసే రోజున అదొక్కటే మిగిలిందమ్మా, అందుకే ఇచ్చాను. తిట్టకు.

అప్ప గదిలో ఒక్కదానివే కూర్చుంటున్నావా? నాకు ఈ నక్షత్రాల పట్టింపు లేదు. అయినా తోడబుట్టిన మా అప్ప లేని ఆ గది నా ఊహకి ఇంకా అందడం లేదు. నువ్వు రెండేళ్లు ఆవిడకి అన్నీ చేశావు. పక్షవాతం వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఉద్యోగం చేయడం మాటలు కాదు. ఆ మాట నీ ఎదుట ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

మావయ్య,
లోకనాథం


తుమ్మపాల,
30 జూలై 2024

మావయ్యకి,

మీరు చివర రాసిన మాటలు చదివాను. నన్నంత పొగడకండి.

ధనరాజ్ గారి షాపులో మీరు చెప్పినట్టే ఆఫ్ చేయించి చూశాను. ఆయన "మా గురువుగారి సదువే ఇది" అని నవ్వారు. మ్యాట్ మానిటర్ ఆ మోడల్‌లో ఒక్కటే ఉంది, రెండోది తెప్పిస్తామన్నారు. ఈలోగా కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి, గడువు దాటకూడదని ఫొటో తీసి పంపేశాను.

వాళ్లు కుదరదన్నారు. రెండు మానిటర్లు వేరువేరుగా ఉన్నందుకు కాదు. "గదిలో ఉద్యోగి కాకుండా మరొకరు ఉన్నారు" అని రాశారు.

గదిలో ఎవరూ లేరు మావయ్యా. మధ్యాహ్నం మూడూ నలభై అయ్యింది. హాసిని బడిలో ఉంది, బాబ్జి మార్కెట్లో. వాకిలి గడియ నేనే వేశాను. ఏదో పొరపాటు పడ్డారనుకుని జవాబు రాస్తే, నా ఫొటోనే ఎర్ర గీత చుట్టి తిరిగి పంపారు. పాత మానిటర్ నల్ల తెరలో ఫోన్ పట్టుకుని నేను కనబడుతున్నాను. నా భుజం పక్కగా, వెనక, ఎవరో కూర్చుని ఉన్నారు. ఒక చెయ్యి పైకెత్తి ఉంది.

మొదట అత్తమ్మే అనుకున్నాను. తర్వాత తేరిపార చూశాను. ఎత్తి ఉన్నది ఎడమ చెయ్యి. అత్తమ్మకి పడిపోయింది ఆ ఎడమ పక్కే కదా, ఆవిడ ఆ చేత్తో విసనకర్ర కూడా పట్టలేకపోయేది. కాబట్టి అత్తమ్మ కాదు. వెనక గోడ మేకుకి తువ్వాలు ఉంటుంది, అదే గాలికి లేచి ఉంటుంది. ఇలా రాస్తుంటే మీకు నవ్వొస్తుందేమో. నేను మాత్రం ఆ ఎడమ చెయ్యి చూశాకే అన్నం తినగలిగాను.

ఇంకొక్కసారి పంపడానికి అవకాశం ఇచ్చారు. ఈసారీ కాదంటే హైదరాబాదే. రెండో మ్యాట్ మానిటర్ తొందరగా వచ్చేలా ధనరాజ్ గారికి ఒక ముక్క రాయండి. ఆ ఫొటో అచ్చు తీయించి ఇందులో పెడుతున్నాను, మీరూ చూడండి. మీరు కూడా తువ్వాలే అంటే నాకు నిద్ర పడుతుంది.

సూర్యకళ


ఆశ్రమ పాఠశాల,
9 ఆగస్టు 2024

సూర్యకళా తల్లీ,

నీ ఫొటో చూశాను. నాకు శుక్లాలు ముదిరాయి, పైగా అచ్చు మసకగా ఉంది. మొహం తెలియడం లేదు. కానీ అది తువ్వాలు మాత్రం కాదు. ఐదు వేళ్లూ కనబడుతుంటే తువ్వాలంటావేమిటి? మీ ఇంటికి పాలు తెచ్చే చిన్నమ్మలు వచ్చి కూర్చుని ఉంటుంది. అది చెప్పకుండా లోపలికొస్తుంది, చెప్పకుండా పోతుంది, మా అప్ప దాన్ని ఎన్నిసార్లు తిట్టిందో. నువ్వు పనిలో పడితే పక్కన పిడుగు పడినా చూడవు. ఇంకోసారి ఫొటో తీసేటప్పుడు పెరటి తలుపు కూడా వేసుకో, అంతే.

ఇంకో మాట. ఇంత చదువుకుని ఎడమ చెయ్యి అంటావేమిటే? అద్దంలో చూసిన మనిషికి కుడి ఎడమలు తారుమారవుతాయి. నీ కుడి చెయ్యి ఎత్తి ఆ నల్ల తెరలో చూసుకో. అందులో నీ ఎదురుగా ఉన్న మనిషి ఎడమ చెయ్యి ఎత్తినట్టు ఉంటుంది. మా బళ్లో ఐదో తరగతి చదివే ఇందు అనే పిల్ల కూడా చెప్తుంది ఈ సంగతి. కావాలంటే హాసినిని నీ వెనక కూర్చోబెట్టి, అన్నం తినే చెయ్యి ఎత్తమను. నీకే తెలుస్తుంది. ఫొటోలో మనిషి ఎత్తింది కుడి చెయ్యే.

ధనరాజ్‌కి చీటీ రాసి బాలన్న చేత పంపాను. రెండో మానిటర్ వారంలో నీ ఇంట్లో ఉంటుంది. భయపడకు. మ్యాట్ తెరలో ఎవరూ కనబడరు.

లోకనాథం


తుమ్మపాల,
14 ఆగస్టు 2024

మావయ్యా,

మీ ఉత్తరం నిన్న అందింది. నేను చెప్పకుండా దాచింది ఒకటుంది. దాన్ని మీ చేత్తోనే బయటికి లాగారు, మీకే తెలియదు.

హాసినిని కూర్చోబెట్టాను. బడినుంచి రాగానే స్టూలు తెచ్చి, అత్తమ్మ మంచం ఉండే చోట వేసి, కూర్చోవే అన్నాను. అది కదలలేదు. "ఇక్కడ మామ్మ కూసుంది కదమ్మా, నేనెక్కడ కూసోవాలి?" అంది.

రోజూ టాటా ఎవరికి చెప్తున్నావని అడిగాను. "మామ్మకే. సెయ్యి ఎత్తీసే ఉంటాది. నువ్వే సెప్పవు" అంది. భయం లేదు దానికి. పాలు కలపమని నా కొంగు పట్టుకు లాగింది.

తర్వాత నేనే బల్ల ముందు నిలబడి, ఆ తెరలోకి చూస్తూ, అన్నం తినే చెయ్యి ఎత్తాను. మీరన్నది నిజమే. అందులో ఎడమ చెయ్యి లేచింది.

మార్చి పద్నాలుగున ఏం జరిగిందో వినండి. అత్తమ్మ నిద్రలోనే పోయిందని అందరికీ చెప్పాను. బాబ్జికీ అదే చెప్పాను. అది అబద్ధం. ఆ వేళ మూడున్నరనుంచి నేను మా మేనేజరుతో కాల్‌లో ఉన్నాను, చెవులకి హెడ్‌సెట్ ఉంది. మాట్లాడడమే కాబట్టి మానిటర్ నల్లబడి ఉంది. కాల్ మొదలైన పది నిమిషాలకి ఆ నల్లదాంట్లో నా వెనకనుంచి ఒక చెయ్యి లేచింది. చూశాను మావయ్యా. చూడలేదని ఎవరితో చెప్పినా మీతో చెప్పలేను. ఎడమ చెయ్యిలా ఉంది. అత్తమ్మ ఎడమ చెయ్యి లేవదు కదా, ఫ్యాను గాలికి మేకున ఉన్న తువ్వాలు ఆడుతోందనుకున్నాను. వెనక్కి తిరగలేదు. ఇంకో ఇరవై నిమిషాలు మాట్లాడి, మేనేజరు వేసిన జోకుకి నవ్వి కూడా నవ్వి, అప్పుడు హెడ్‌సెట్ తీశాను. ఆవిడ చెయ్యి మంచం పట్టె మీదనుంచి కిందికి వేలాడుతోంది. కుడి చెయ్యి.

ఈ ఐదు నెలలూ ఆ "ఎడమ" అన్న ఒక్క మాట పట్టుకుని బతికాను. నేను చూసింది ఆవిడ చెయ్యి కానే కాదు అని. ఇప్పుడు అదీ లేదు.

ఆవిడ నన్ను పిలిచింది. నేను తిరగలేదు. మీ అప్ప ఆవిడ, మీరు ఏమన్నా పడతాను. మళ్లీ ఉత్తరం రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

సూర్యకళ


ఆశ్రమ పాఠశాల,
24 ఆగస్టు 2024

సూర్యకళా,

నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. నీతో అబద్ధమాడను, మొదటి రోజు చాలా కోపం వచ్చింది. రెండు కాగితాలు రాసి చింపేశాను. వాటిలో ఉన్నవి నువ్వు చదవాల్సిన మాటలు కావు. ఇందు వచ్చి, "తాతా, కళ్లు ఎర్రగా ఉన్నాయేటి?" అని అడిగితే శుక్లాలని చెప్పాను.

మూడో రోజుకి నా అబద్ధం నాకు గుర్తొచ్చింది. షాపులో అదొక్క మానిటరే మిగిలిందని రాశాను కదా. మిగిలినవి రెండు. ఒకటి మెరవనిది, మంచిది, నీ కోసమని పక్కన పెట్టాను. దాన్ని తెచ్చే ముందురోజు అప్పని చూడ్డానికి వచ్చినప్పుడు బల్ల ఎటు వెయ్యాలో అడిగాను. "నా ఎదర ఎయ్యరా, పిల్ల మొకం నాకు అగుపించాలి" అంది. అటు వేస్తే కిటికీ వెలుగు తెరమీద పడుతుందని నేను కాదన్నాను. నా వృత్తి తెలివి చూపించుకున్నాను. గోడవైపు తిప్పి, నీ వీపు ఆవిడకి పెట్టింది నేనే.

అప్పుడు అప్ప, "మీ కొట్లో అద్దంలాగా మెరిసే టీవీలుంటాయి కదరా, అలాటిది పెట్టు. గోడకేసి తిరిగి కూసున్నా పిల్ల మొకం నాకు తెలుత్తాది" అంది. అందుకని మంచిది అమ్మేసి, ఆ అద్దం తెచ్చాను. నీకు చెప్పొద్దంది. ముసిల్ది నన్ను సూత్తందని పిల్లకి పని సాగదురా అంది.

సంక్రాంతి వెళ్లాక ఒకసారి వచ్చాను చూడు, అప్పుడు నువ్వు వంటింట్లో ఉన్నావు. అద్దంలో కోడలు కనబడుతోందా అని వేళాకోళం చేశాను. "కనబడతాది. అది నవ్వితే నేనూ నవ్వుతాను. ఒకోపాలి అదీ నాకేసే సూత్తాదనిపిత్తాది, అప్పుడు సెయ్యెత్తుతాను. అది సూడదు. పనిలో ఉంటాది పాపం" అంది. ఇది నేను కల్పించి రాస్తున్నది కాదు. మా అప్ప పేరు మీద కల్పించేంత గుండె నాకు లేదు.

ఆ రోజు ఆ చెయ్యి ఎందుకు లేచిందో నాకు తెలీదు. ప్రాణం మీదికొచ్చి పిలిచిందో, మామూలుగా ఎత్తిందో. నీకు ధైర్యం కోసం ఇదీ అని ఒకటి చెప్పలేను. నువ్వు వెనక్కి తిరిగి ఉండాల్సింది. నేను ఆ బల్ల ఆవిడ ఎదరే వేసి ఉండాల్సింది. రెండూ నిజాలే. మనిద్దరం వీటిని మోయాలి.

ఆవిడ ఇంకా అక్కడే చెయ్యెత్తి కూర్చుంటే మాత్రం, తల్లీ, నువ్వు చూశావని ఆవిడకి ఎవరు చెప్తారు?

ఉత్తరాలు మానకు. మానితే నేనే కొండ దిగి వస్తాను.

నీ మావయ్య,
లోకనాథం


తుమ్మపాల,
3 సెప్టెంబరు 2024

మావయ్యకి,

మీ ఉత్తరం బాబ్జికి చదివి వినిపించాను. నాది కూడా చెప్పాను. ఆయన పెరట్లోకి వెళ్లిపోయారు. వచ్చి, "తిన్నావేటి?" అని అడిగారు. ఆ మాటకి ఏడ్చాను.

మీ ఉత్తరం రాకముందే, అంటే ఇరవైరెండున, ధనరాజ్ గారు రెండో మానిటర్ తెచ్చి బిగించి వెళ్లారు. రెండూ ఒకే ఎత్తు, ఒకే రంగు, మీరు కోరినట్టే. పాతదాన్ని విప్పి పాత దుప్పటి చుట్టి అటక ఎక్కించాను. ఫొటో తీసి పంపాను. ఇరవైఎనిమిదిన జవాబు వచ్చింది. నా ఉద్యోగం ఇంట్లోనే ఖాయం. హైదరాబాదు లేదు. కింద ఒక వాక్యం రాశారు, "గదిలో మరెవరూ లేరని నిర్ధారించాం" అని.

ఎగిరి గంతేయాల్సిన మాట అది. నాకు మాత్రం మార్చిలో ఆవిణ్ణి తీసుకెళ్లిన రోజు మళ్లీ వచ్చినట్టయింది. ఆ మ్యాట్ తెరలు ఆఫ్ చేస్తే బూడిద రంగుగా ఉంటాయి, అంతే. హాసిని బడికెళ్తూ వాటి ముందు నిలబడి, "మామ్మేదమ్మా?" అని అడిగింది. అది టాటా చెప్పకుండానే ఆటో ఎక్కింది.

మీ ఉత్తరం శనివారం వచ్చింది. నిన్న సోమవారం అటక మీంచి పాతదాన్ని దించాను. దుప్పటి విప్పి, తడిగుడ్డ పెట్టి తుడిచి, రెండు కొత్తవాటి పక్కన నిలబెట్టాను. కరెంటు వైరు పెట్టలేదు, కంప్యూటరుకీ తగిలించలేదు. నేను పనిలో కూర్చున్నాను. తల ఎత్తాలంటే భయమేసింది. మూడూ నలభై అయ్యిందని పక్క తెరమీద గడియారంలో చూసి, అప్పుడు దానికేసి తిరిగాను.

నా భుజం పక్కన ఉంది మావయ్యా. ఈసారి మొహం కూడా తెలిసింది. మంచం లేదు, అయినా మంచం ఎత్తునే కూర్చుంది. చెయ్యి పైకే ఉంది. వణుకుతోంది, చాలాసేపటినుంచి ఎత్తి ఉంచిన చెయ్యి వణికినట్టు.

వెనక్కి తిరగలేదు. తిరిగితే ఖాళీ నేలే ఉంటుందని నాకు తెలుసు. ఆవిడ నన్ను చూసింది ఎప్పుడూ ఆ అద్దంలోనే కదా, నేనూ అందులోకే చూశాను. "అత్తా, సూసేను" అన్నాను. నా కుడి చెయ్యి ఎత్తాను.

కాసేపు ఇద్దరివీ ఎత్తే ఉన్నాయి. తర్వాత ఆవిడ చెయ్యి మెల్లగా దిగి, ఒళ్లోకి వచ్చింది.

సాయంత్రం హాసిని వచ్చి బ్యాగు పడేసి, నేరుగా ఆ మానిటర్ దగ్గరికెళ్లి నిలబడింది. అది అటూ ఇటూ తల వంచి చూసి, నాకేసి తిరిగి అడిగింది.

"మామ్మ సెయ్యి దించీసిందేటమ్మా, నువ్వు టాటా సెప్పీసేవా?"

లేదు, చూశానని చెప్పానుగానీ టాటా చెప్పలేదు మావయ్యా. చెప్పమని మాత్రం అడక్కండి. ఆ మానిటర్ ఇక్కడే ఉంటుంది, వైరు లేకుండా.

మీ కోడలు,
సూర్యకళ